కింది అరలో గ్లాసెడు నీళ్ళు

ఆమెకు అసలు పేరొకటి ఉండేది. జీతం కాగితాల మీద తప్ప దాన్ని ఎవరూ వాడేవారు కాదు. పిల్లలకు సూదమ్మ, పెద్దవాళ్ళకు సిస్టరమ్మ. ఇరవై తొమ్మిదేళ్ళపాటు ఒకే ఆస్పత్రిలో, ఒకే గదిలో, గురువారం వచ్చిందంటే చంటిపిల్లలకు టీకాలు వేసింది. ఊళ్ళో ముప్ఫై ఏళ్ళలోపు వాళ్ళెవరైనా ఆమె ఎదురుపడితే తెలియకుండానే తొడ తడుముకునేవారు.

"మిమ్మల్ని చూస్తే ఇప్పటికీ ఒళ్ళు వెచ్చబడుతుంది సిస్టరమ్మా" అనేవాడు ఆ దారిన తిరిగే బస్సు కండక్టరు.

"వెచ్చబడితే మంచిదే, మందు పట్టినట్టు" అని కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చునేది ఆమె.

ఆ గది పొడుగ్గా, ఇరుగ్గా ఉండేది. భుజం ఎత్తు వరకు ఆకుపచ్చ రంగు, ఆ పైన సున్నం. తల్లులు కూర్చోవడానికి ఒక బల్ల, పిల్లల్ని తూచే వేలాడే కాటా, చేతికి అందేంత దూరంలో రిజిస్టరు, మూలన ఇటుకల మీద ఎత్తి నిలబెట్టిన ఫ్రిజ్. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, ఈ మూడింటికీ కలిపి వేసే మందుతో పెద్ద చిక్కొకటి ఉంది. దానికి వేడి తగిలినా ముప్పే, అది గడ్డకట్టినా ముప్పే. ఒకసారి గడ్డకట్టి కరిగిన మందు చూడటానికి మామూలుగానే ఉంటుంది. సీసా పగలదు, వాసన రాదు. సత్తువ ఒక్కటే పోతుంది.

అందుకని ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఆమె ఒక అలవాటు చేసుకుంది. సాయంత్రం గదికి తాళం వేసే ముందు ఒక స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోయించి, ఫ్రిజ్ కింది అరలో మందు సీసాల పక్కన పెట్టేది. పొద్దున తొమ్మిదింటికి రాగానే చెప్పులైనా విడవకుండా తలుపు తీసి గ్లాసులో వేలు ముంచేది. ఉత్త నీళ్ళు తగిలితే సరే. మంచు తగిలితే ఆ అరలో మందంతా తీసి పక్కన పడేసి, పై ఆఫీసుకు రాసి కొత్తది తెప్పించేది. ఊరికి పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా కరెంటు కోత. ఆ మూడు గంటల్లో చిన్న సీసాల్లోని గడ్డ కరిగిపోతుంది, నిండు గ్లాసులోది మాత్రం కరగదు. ఏ శిక్షణలోనూ చెప్పని కిటుకు అది. తనంతట తాను పట్టుకుంది.

గ్లాసు కడిగి నీళ్ళు పోసే పని ఆయాది. గది ఊడవడం, తల్లులను వరసలో కూర్చోబెట్టడం, సూది వేసేటప్పుడు పిల్లల కాలు కదలకుండా పట్టుకోవడం కూడా ఆమె పనే. ఆమె పట్టుకుంటే ఎంత గింజుకునే పిల్లాడి తొడైనా బల్లకు అతికించినట్టు ఉండిపోయేది. "నువ్వు ఆయావి కావే, ఇనప శీలవి" అనేది సూదమ్మ. "మీరు పొడవండి సిస్టరమ్మా, తిట్లు నేను తింటాను" అనేది ఆయా. పన్నెండేళ్ళు అలా కలిసి పనిచేశారు. ఒకరు అడగక ముందే రెండోవాళ్ళ చేతి నుంచి దూది అందేది.

సూదమ్మ పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయేనాటికి తమ్ముడికి ఏడేళ్ళు. వాణ్ణి స్నానం చేయించడం దగ్గర్నుంచి డిగ్రీ దాకా ఆమె ఒక్కతే లాక్కొచ్చింది. వాడు చదివి రేవులో సరుకు విడిపించే ఆఫీసులో చేరాడు. ఓడల్లో వచ్చే సామానుకు కాగితాలు తయారుచేయడం వాడి పని. వాడికి ఉద్యోగం వచ్చిన రోజున ఆమె రెండు గదుల ఇంటికీ తనే సున్నం వేసుకుంది. ప్రతి ఆదివారం అక్క దగ్గరికి భోజనానికి వచ్చేవాడు.

పాత ఫ్రిజ్ పని అయిపోవచ్చింది. రోజు విడిచి రోజు గ్లాసులో మంచు తగిలేది. మందు పారబోసినప్పుడల్లా ఆమెకు ప్రాణం ఉసూరుమనేది. అలాంటి రోజుల్లో తమ్ముడు ఒక కబురు తెచ్చాడు. ఆస్పత్రులకు విదేశీ ఫ్రిజ్‌లు వస్తున్నాయట, కాగితాలు తన చేతి మీదుగానే వెళ్తున్నాయట.

"ఎన్ని వస్తున్నాయిరా?"

"రావాల్సినవి అరవై. వస్తున్నవి పన్నెండు."

"ఒకటి మాకు పడేలా చూడరా తమ్ముడూ. నీ కాళ్ళు పట్టుకుంటా."

"నువ్వు పట్టుకోవడం ఎందుకు, పట్టుకోవాల్సిన కాళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలుసుగా" అని నవ్వాడు.

మూడు వారాల్లో ఫ్రిజ్ దిగింది. తెల్లగా మెరిసిపోతూ, తలుపు మీద ఎర్రటి అంకెతో. లోపల ఎంత చల్లగా ఉందో ఆ అంకె చెబుతుంది. నాలుగు చూపిస్తోంది. నాలుగు అంటే సరిగ్గా ఉండాల్సిన చల్లదనం. ఊళ్ళో సగం మంది వచ్చి చూసి వెళ్ళారు. అందరూ వెళ్ళాక సూదమ్మ గుడ్డతో తుడుస్తూ ఫ్రిజ్ పక్కరేకు మీద చెయ్యి పెట్టి ఆగింది. రంగు కింద బుడిపెలు తగిలాయి. గోటితో గీకితే తెల్ల రంగు పెళ్ళలా లేచింది. అడుగున పాత నీలం రంగు, దాని మీద ఏదో పరాయి భాషలో చెరిపేసిన అక్షరాలు. ఆమె ఆ పెళ్ళను బొటనవేలితో మళ్ళీ అదిమేసింది. అందినట్టు సంతకం పెట్టాల్సిన కాగితంలో 'కొత్తది, మంచి స్థితిలో ఉన్నది' అని ముందే అచ్చువేసి ఉంది. కింద సంతకం పెట్టింది.

ఆ ఆదివారం అన్నం తింటూ అడిగింది. "అది వాడేసినదిలా ఉందిరా."

"ఉండదా మరి. ఒక్కోదానికి ఎంత ధర వేశారో తెలుసా? నీ పదేళ్ళ జీతం. అసలు ధర అందులో ఐదో వంతు కూడా ఉండదు."

"మిగతాది?"

"అమ్మినోడి దగ్గర. సముద్రం అవతల ఏదో దీవిలో కంపెనీ. కంపెనీ అంటే ఫ్యాక్టరీ అనుకునేవు. ఒక తలుపు, దాని మీద నలభై పేర్లున్న బోర్డు. అంతే. ఇక్కడ సర్కారు కోసం కొనే కంపెనీ ఓనరే అక్కడ అమ్మే కంపెనీకీ ఓనరు. కుడి చేత్తో ఇచ్చి ఎడం చేత్తో తీసుకుంటాడు, డబ్బు మాత్రం సర్కారుది." నీళ్ళు తాగి మళ్ళీ అందుకున్నాడు. "సూట్‌కేసులు మోసే రోజులు పోయాయక్కా. ఇప్పుడు ఫ్రిజ్ లోపలికొస్తుంది, డబ్బు బయటికెళ్తుంది. బ్యాంకోడు నమస్కారం పెట్టి మరీ పంపుతాడు. కాగితం సరిగ్గా ఉంటే చాలు. కాగితం సరిగ్గా ఉండటానికి నేనున్నాను."

వాడు చెప్పిన తీరుకు ఆమెకు నవ్వొచ్చింది. నవ్వింది కూడా. ఆ నవ్వు తర్వాత ఆమెను బతికినంతకాలం కాల్చుకు తింది. అరవైకి పన్నెండే వస్తే మిగతా నలభై ఎనిమిది ఊళ్ళలో పిల్లలకు మందు ఎందులో దాస్తారని ఆ పూట ఆమెకు తోచలేదు. తన ఆస్పత్రికి వచ్చింది, చాలనుకుంది.

మరుసటి వారం పెద్ద డాక్టరు గది చూడటానికి వచ్చాడు. ఫ్రిజ్ తలుపు తీసి గ్లాసు బయటికి లాగాడు.

"ఇదేంటి సిస్టర్?"

"నీళ్ళు సార్. గడ్డకడుతుందేమోనని."

"బయట అంకె ఉంది కదమ్మా. ఇంత ఖరీదైన మిషన్లో వంటింటి సామాను పెడతారా? రేపు పైవాళ్ళు చూస్తే నా పరువేం కావాలి?"

ఇరవై అయిదేళ్ళలో ఎవరు చెప్పినా తీయని గ్లాసును ఆమె ఆ రోజు తీసేసింది. కొత్త ఫ్రిజ్ మీద మోజో, తమ్ముడు పంపించిందన్న మురిపెమో. రంగు పెచ్చు లేచిన రేకు కళ్ళ ముందే ఉన్నా తీసేసింది. గ్లాసు ఊరికే పడి ఉండటమెందుకని ఆయా ఇంటికి పట్టుకుపోయింది. అప్పుడామె కడుపుతో ఉంది.

కొన్నాళ్ళకు ఆయానే ఒక మాట అంది. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, తలుపు బార్లా తెరిచి అరలు తుడుస్తూ, "ఈ నాలుగు ఎప్పుడూ నాలుగేనా సిస్టరమ్మా? క్యాలెండరైనా నెలకోసారి మారుతుంది" అంది.

"విదేశీ మిషనే. నీకూ నాకూ అర్థం కాదు" అంది సూదమ్మ.

ఆయాకు కూతురు పుట్టింది. గదిలోనే, కాటా కింద చాప మీద పెరిగింది. ఏడాది నిండకుండానే మాటలు. రెండేళ్ళకి గదిలోకి వచ్చిన ప్రతి తల్లినీ "ఎవలు నువ్వు? ఎందుకొచ్చావ్?" అని నిలదీసేది. వసపిట్ట అని పేరు పెట్టింది సూదమ్మ. దాని మూడు డోసులూ తన చేత్తోనే వేసింది. ఆయాయే కాలు పట్టుకుంది. సొంత కూతురు కదాని పట్టు సడలించలేదు.

ఫ్రిజ్ వచ్చిన మూడో ఏడు వసపిట్టకు గొంతునొప్పి వచ్చింది. రెండో రోజుకు మెడ వాచింది. సూదమ్మ చెంచాతో నాలుక నొక్కి చూసింది. గొంతులో బూడిద రంగు పొర. కంఠసర్పి. పుస్తకంలో బొమ్మగా తప్ప ఉద్యోగం మొత్తంలో ఆ ఊళ్ళో చూడనిది. ఆ జబ్బు విషానికి విరుగుడు మందు పెద్దాస్పత్రిలో లేదు, ఉన్న చోటు నుంచి రావడానికి నాలుగు రోజులన్నారు. మూడో రోజు సాయంత్రానికి ఆ పిల్ల మాట ఆగిపోయింది. నాలుగో రోజు పొద్దున ఊపిరి ఆగిపోయింది.

మట్టి చేసి వచ్చాక సూదమ్మ ఇంటికి వెళ్ళలేదు. గదిలోకి వచ్చి, కింది అరలోంచి రెండు సీసాలు తీసింది. ఒకదాన్ని కావాలని గడ్డకట్టించి, కరగనిచ్చింది. తర్వాత రెండు సీసాలనూ ఒకేసారి ఊపి బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి, కూర్చుని చూసింది. చెడని మందైతే పాలలా తెల్లగా, మసగ్గా నిలుస్తుంది. గడ్డకట్టి కరిగినదైతే విరిగిన పాలలా పలుకులై అడుక్కి దిగిపోతుంది. పావుగంటలో రెండు సీసాల్లోనూ పలుకులు అడుక్కి దిగాయి. పైన నీళ్ళు తేటగా, ఒకేలా ఉన్నాయి. ఇంకో సీసా తీసింది. ఇంకోటి. అన్నీ అంతే. ఎదురుగా ఎర్ర అంకె నాలుగు అని చెబుతూనే ఉంది.

రిజిస్టరు తీసి చూసింది. మూడేళ్ళలో వెయ్యీ నూట నలభై ఆరు మంది పిల్లలు. ప్రతి పేరు పక్కనా తన చేతి టిక్కు. కాగితం మీద వాళ్ళందరికీ టీకా పడింది. పడినవాళ్ళకు మళ్ళీ మందు పంపరు. పంపాలంటే ఫ్రిజ్ చెడ్డదని, వేసింది వట్టి నీళ్ళతో సమానమని ఎవరో ఒకరు రాసి సంతకం పెట్టాలి. జబ్బు ఊళ్ళోకి వచ్చేసింది.

చావు కబురు విని మర్నాడే పై ఆఫీసరు వచ్చాడు. తలుపు తనే దగ్గరికి వేసి, మర్యాదగా మాట్లాడాడు.

"ఇంకా ఎంత సర్వీసుంది మీకు?"

"ఏడాది సార్."

"హాయిగా దిగిపోవచ్చు కదమ్మా. ఆ పిల్ల తల్లి రెండో డోసుకీ మూడో డోసుకీ రాలేదని రాయండి."

"ఆ తల్లి మా ఆయా సార్. ప్రతి గురువారం ఈ గదిలోనే ఉంటుంది. రాలేదని ఎలా రాస్తాను?"

"పోనీ, రిజిస్టరు వానకు తడిసిపోయిందని రాయండి."

"వాన పడలేదు సార్."

ఆఫీసరు కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు. "పడొచ్చు" అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "మీ తమ్ముడు కుర్రాడు. వాడి భవిష్యత్తు కూడా చూసుకోండి" అని గుర్తుచేశాడు.

ఆదివారం కాకుండానే తమ్ముడు వచ్చాడు. చేతిలో ఎప్పుడూ తెచ్చే పళ్ళ సంచి లేదు. గుమ్మంలోనే కూలబడ్డాడు.

"అక్కా, ఆ కాగితాలన్నింటి మీదా నా సంతకమే ఉంది. ఓనరుది ఎక్కడా లేదు. దీవిలో కంపెనీకి అసలు మనిషే లేడు. నువ్వు రాస్తే పట్టుకోవడానికి దొరికేది నేనొక్కణ్ణే."

"తెలుసురా."

"తెలిసి కూడా రాస్తావా? నన్ను చదివించింది ఇందుకేనా?"

పొయ్యి మీద టీ పొంగి పోయింది. ఆమె లేచి పొయ్యి ఆర్పి వచ్చి వాడి పక్కనే కింద కూర్చుంది.

"వసపిట్ట మంచం దగ్గర నాలుగు రోజులు కూర్చున్నాను. ఇంకో వెయ్యి మందీ నూట నలభై అయిదుగురూ ఉన్నారు. ఒక్కొక్కరి మంచం దగ్గరా కూర్చోలేను."

"నా పేరు లేకుండా రాయి పోనీ."

"ఫ్రిజ్ మా ఆస్పత్రికే పంపమని నిన్ను అడిగింది నేనేనని రాశాను. రంగు కింద చూసి కూడా సంతకం పెట్టానని రాశాను. నీ పేరు దాచి నాది రాస్తే ఎవరు నమ్ముతారు?"

"అంటే, అప్పుడే రాసేశావా?"

"నిన్ననే పంపాను. నువ్వొచ్చి అడిగితే చెయ్యి ఆడదని భయమేసింది."

వాడు అక్క ముఖంలోకి ఒక్కసారి చూసి, లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వాడికి పదకొండు నెలల జైలు పడింది. ఓనరు బోర్డు మార్చుకున్నాడు. ఆ మరుసటి ఏడు ఆస్పత్రులకు మంచాలు అమ్మింది ఆయన కొత్త కంపెనీయే. ఆమెకు పింఛనులో సగం కోత పెట్టారు. తమ్ముడు మళ్ళీ ఆమె గడప తొక్కలేదు. నాలుగేళ్ళకు ఆమె పోయినప్పుడు వచ్చి, వీధికి అవతలి వైపు నిలబడి, శవాన్ని లేపాక వెళ్ళిపోయాడు.

మందు ఏడో వారంలో వచ్చింది. ఈలోగా ఇంకో ముగ్గురు పిల్లలు పోయారు. రిపేరు చేసిన పాత ఫ్రిజ్‌ను సూదమ్మ మళ్ళీ ఇటుకల మీదికి ఎక్కించింది. తల్లులు ఆస్పత్రికి రావడం మానేశారు కాబట్టి మంచు డబ్బా భుజాన వేసుకుని తనే గడప గడపకూ బయలుదేరింది. ప్రతి గుమ్మంలోనూ అవే మాటలు: "నేను వేసిన మందు చెడిపోయిందమ్మా. తప్పు నాది. మళ్ళీ వెయ్యాలి."

కొందరు పిల్లల్ని లోపలికి తీసుకుపోయి గడియ పెట్టుకున్నారు. కొందరు వేయించుకున్నారు, ముఖం చూడకుండా. ఒక ముసలామె అడ్డం నిలబడి, "అప్పుడూ మందే అన్నావు, ఇప్పుడూ మందే అంటున్నావు. మా వాడి తొడ ఏమన్నా నీ రిజిస్టరా, తప్పు పడితే కొట్టేసి మళ్ళీ రాయడానికి?" అంది. సూదమ్మ డబ్బా కింద పెట్టి ఆ గుమ్మంలోనే గంటసేపు నిలబడింది. చివరికి ఆ ముసలామే మనవణ్ణి ఎత్తుకొచ్చింది. బస్సు కండక్టరు ఇప్పుడామెను చూసి ఒళ్ళు వెచ్చబడుతుందని అనేవాడు కాదు. పిల్లాడికి వేయించుకున్నాడు గానీ, బస్సులో టిక్కెట్టు చించి చేతిలో పెట్టి ముందుకు వెళ్ళిపోయేవాడు.

మొదటి రోజు ఆమె మొదట వెళ్ళింది ఆయా ఇంటికే. ఆయాకు చిన్నవాడొకడు ఉన్నాడు, ఆరు నెలలవాడు. వాడికీ ఆ ఫ్రిజ్ మందే పడింది. కూతురు పోయినప్పటి నుంచి ఆయా పనిలోకి రాలేదు. తలుపు తియ్యలేదు. లోపల పిల్లాడి కేరింత వినిపిస్తూనే ఉంది. సూదమ్మ ప్రతి గురువారం వెళ్ళి, తలుపు కొట్టి, కాసేపు మెట్టు మీద కూర్చుని, లేచి పక్కింటికి వెళ్ళేది. అలా అయిదు వారాలు.

ఆరో గురువారం ఆయా తలుపు తీసింది. చిక్కి సగమైంది. చంకలో చిన్నవాడు. పన్నెండేళ్ళూ మీరు అన్న మనిషి ఆ రోజు నువ్వు అంది.

"ఎందుకు వస్తావు ఇన్నిసార్లు?"

"వీడికి మిగిలిపోయింది."

"దానికి మిగిలిపోలేదుగా. మూడూ వేశావుగా."

సూదమ్మ డబ్బా మెట్టు మీద దించింది. ఆయా గుమ్మానికి ఆనుకుని, మంచు డబ్బా వైపు చూస్తూ, "నాలుగు ఎప్పుడూ నాలుగేనా అని అడిగాను నిన్ను. నా నోటితో నేనే అడిగాను" అంది.

"అడిగావు."

"నీకూ నాకూ అర్థం కాదన్నావు."

"అన్నాను."

చిన్నవాడు తల్లి జాకెట్టు పట్టుకుని గుంజుతున్నాడు. ఆయా వాడి వేళ్ళు విడదీసింది.

"ఈసారి గ్లాసు పెట్టావా?"

"పెట్టాను. పాతది నీ దగ్గరే ఉండిపోయింది. ఇంట్లోది తెచ్చి పెట్టాను."

"పొద్దున చూశావా?"

"చూశాను. నీళ్ళే."

ఆయా లోపలికి వెళ్ళి చాప పరిచింది. పిల్లాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఒక చేత్తో రెండు చేతులూ, ఇంకో చేత్తో మోకాలి పైనా పట్టుకుంది. తొడ కదల్లేదు. మందు ఎక్కించిన సూదిని సూదమ్మ వెలుతురుకి పట్టి రెండోసారి చూసుకుంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెల తర్వాత మళ్ళీ అప్పుడే. ఆయా అది చూసి, పిల్లాడి చేతులు ఒక్క క్షణం వదిలి దూది తీసి అందించింది.

పిల్లాడు ఆకాశం అందుకునేలా ఏడ్చాడు. సూదమ్మ చీటీ రాసి, డబ్బా సర్దుకుని, గుమ్మం దాటింది.

"తర్వాతది ఎప్పుడు?" ఆయా గొంతు వెనక నుంచి.

"నెలకి. గురువారం. నేనే వస్తాలే."

"నువ్వు రావద్దు. నేనే తీసుకొస్తాను." చిన్నవాణ్ణి భుజం మార్చుకుంది. "తొమ్మిదింటికల్లా వస్తాను. గది తాళం తియ్యగానే నేనే చూస్తాను గ్లాసు. నువ్వు చెప్పింది కాదు, నా వేలు పెట్టి చూసుకుంటాను. ఆ తర్వాతే వీడికి."

"సరే" అంది సూదమ్మ. మంచు కరగకముందే చేరాల్సిన ఇళ్ళు ఆ వీధిలో ఇంకా పధ్నాలుగు ఉన్నాయి. డబ్బా భుజానికెత్తుకుని పక్కింటి తలుపు తట్టింది.